బరంపురం పట్టుచీర ఫొటోలు: బరువు తగ్గాలి, ఎరుపు తగ్గకూడదు

బరంపురంలో మా మావయ్యకి పట్టుచీరల దుకాణం ఉంది. దాని వెబ్‌సైట్ పని నేనే చూస్తాను, ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు కూర్చుని. ఇష్టంతో చేసే పని. కొంతకాలంగా పట్టుకున్నది ఒక్కటే: పేజీ త్వరగా తెరుచుకోవాలి, చీర మాత్రం చీరలాగే కనిపించాలి. ఎక్కడిదాకా వచ్చానో రాస్తున్నాను. చిన్న వ్యాపారాలకి సైట్లు చేసుకునేవాళ్ళకి పనికొస్తుంది.

మా సైట్ చూసేవాళ్ళెవరో ముందు చెప్పాలి. అటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచి, ఇటు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి పెళ్ళిచీరలకి వచ్చే కుటుంబాలు. బస్సో రైలో ఎక్కేముందు ఇంట్లో ఆడవాళ్ళంతా కూర్చుని ఫోన్‌లో రకాలు చూసుకుంటారు. దాదాపు అన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే. మోహన, చంద్రగిరి వైపు కొండల్లో సిగ్నల్ రెండు గీతలుంటే గొప్ప. పేజీ తెరుచుకోకపోతే వాళ్ళేమీ ఫిర్యాదు చెయ్యరు, ఇంకో దుకాణం పేరు వెతుక్కుంటారు.

మొదట ఉన్న బరువు

ఫొటోలన్నీ ఫోన్‌లోంచి తీసినవి తీసినట్టే ఎక్కి ఉండేవి. 12 మెగాపిక్సెల్ కెమెరా, నిలువుగా తీస్తే 3000 వెడల్పు, 4000 ఎత్తు, ఒక్కోటి సుమారు 4 ఎంబీ. హోం పేజీలో 14 చీరలు. అంటే 56 ఎంబీ.

గూగుల్ వాళ్ళ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ మొబైల్ పరీక్షలో నెట్ వేగం సెకనుకి సుమారు 1.6 మెగాబిట్లు అనుకుని లెక్క కడుతుంది. అంటే సెకనుకి 200 కేబీ. ఆ వేగంతో మా ఒక్క ఫొటో దిగడానికే 20 సెకన్లు. తెర మీద అన్నిటికన్నా పెద్ద బొమ్మో టెక్స్ట్ ముక్కో కనిపించడానికి పట్టే సమయాన్ని ఎల్‌సీపీ అంటారు. అది 2.5 సెకన్ల లోపు ఉంటే బాగున్నట్టు లెక్క. మేం ఆ దరిదాపుల్లో కూడా లేము.

ముందు కొలత, తర్వాతే కుదింపు

ఇమేజ్ ఆప్టిమైజేషన్ అనగానే చాలామంది నేరుగా క్వాలిటీ అంకె తగ్గించడం మొదలుపెడతారు. అసలు లాభం కొలతలు తగ్గించడంలో ఉంది. మామూలు ఫోన్ తెర వెడల్పు అసలు పిక్సెళ్ళలో 1080 దాకా ఉంటుంది. మా పేజీలో వరసకి రెండు చీరలు. ఒక్కో బొమ్మకి 500 పిక్సెళ్ళ వెడల్పు సరిపోతుంది. 3000 నుంచి 500కి వస్తే వెడల్పులో ఆరో వంతు, ఎత్తులో ఆరో వంతు, మొత్తం మీద 36 వంతుల్లో ఒక్క వంతు పిక్సెళ్ళే మిగులుతాయి. క్వాలిటీ ముట్టుకోకుండానే ఇంత.

ప్రతి ఫొటోకీ 500, 1000, 1600 వెడల్పుల్లో మూడు కాపీలు చేశాను. ఇమేజ్ ట్యాగ్‌లో ఎస్‌ఆర్‌సీసెట్ రాసి మూడింటినీ ఇస్తే, ఏది కావాలో బ్రౌజరే ఎంచుకుంటుంది. దాంతోపాటు సైజెస్ అనే లక్షణం కూడా రాయాలి. అది లేకపోతే బొమ్మ తెర మొత్తం పరుచుకుంటుందని బ్రౌజర్ అనుకుని పెద్ద కాపీనే తెచ్చుకుంటుంది. వరసకి రెండు కాబట్టి తెర వెడల్పులో సగం అని రాశాను. పెట్టగానే 1000 కాపీలు దిగడం ఆగి, 500వి దిగడం మొదలైంది.

ఫార్మాట్‌కి వెబ్‌పీ (వెబ్ కోసం గూగుల్ చేసిన బొమ్మల ఫార్మాట్), క్వాలిటీ 75. విడిగా ఒక్కో ఫొటో సరిచూసుకోవడానికి స్క్వూష్ సైట్ చాలా బాగుంది. ముందు, తర్వాత పక్కపక్కనే పెట్టి గీత జరుపుతూ చూడొచ్చు. ఫొటో ఎక్కడికీ అప్‌లోడ్ కాదు, పనంతా మన బ్రౌజర్‌లోనే జరుగుతుంది. మొత్తం ఫోల్డర్‌కి మాత్రం చిన్న స్క్రిప్ట్ రాసుకుని, వెబ్‌పీకి మార్చే సీవెబ్‌పీ అనే ప్రోగ్రాముతో చేశాను. చిన్న కాపీలు ఒక్కోటి 35 కేబీ చుట్టుపక్కలకి వచ్చాయి.

అంచు దగ్గర ఆగింది

బరంపురం పట్టుకి గుర్తింపు తెచ్చేది ఫొడా కుంభ అంచు. గుడి గోపురాల్లాంటి కుంభాలు అంచు నుంచి చీర లోపలికి మొనదేలి ఉంటాయి. నేతగాడి పనితనం ఆ మొనలోనే తెలుస్తుంది. చిలకపచ్చ చీర, ముదురు ఎరుపు అంచు ఉన్నదాని దగ్గరి ఫొటో వెబ్‌పీ చేసి మావయ్యకి చూపించాను. ఆయన ఫోన్‌ని అసలు చీర పక్కన పెట్టి చూశారు. "ఒరేయ్, కుంభం మొన ఏదిరా? అలికేసినట్టుంది. నేసినవాడు చూస్తే ఏమనుకుంటాడు?" అన్నారు.

క్వాలిటీ 75 నుంచి 90కి పెంచినా మొన తేరుకోలేదు. కారణం వెతికితే వెబ్‌పీ తయారీలోనే దొరికింది. కంటికి వెలుగులో తేడా తెలిసినంతగా రంగులో తేడా తెలియదు. అందుకని ఈ ఫార్మాట్లు వెలుగుని ప్రతి పిక్సెల్‌కీ దాచి, రంగుని మాత్రం రెండు బై రెండు గడికి ఒక్కసారే దాస్తాయి. 4:2:0 అనేది ఇదే. నష్టం ఉండే, అంటే కుదించేటప్పుడు కొంత వివరం వదిలేసే వెబ్‌పీలో దీనికి వేరే దారి లేదు, ఎప్పుడూ 4:2:0నే. మామూలు ఫొటోలకి దీనివల్ల ఇబ్బంది లేదు. కానీ ముదురు ఎరుపు, పచ్చ పక్కపక్కన ఉన్నప్పుడు రెండిటి వెలుగూ ఇంచుమించు సమానంగా ఉండొచ్చు. అప్పుడు ఆ రెండిటి మధ్య గీతని చూపించేది రంగొక్కటే. ఆ రంగునే పలచన చేస్తే గీత కరిగిపోతుంది. మన పెళ్ళిచీరల రంగులు సరిగ్గా ఇవే.

సీవెబ్‌పీలో షార్ప్ వైయూవీ అనే ఎంపిక ఉంది. పెడితే కొంత మెరుగు, పూర్తిగా కాదు. చివరికి అంచు దగ్గరి ఫొటోలకి మాత్రం దారి మార్చాను. అవి ఏవీఐఎఫ్ అనే ఇంకో కొత్త ఫార్మాట్‌లో, రంగు కోయకుండా, అంటే రంగుని కూడా ప్రతి పిక్సెల్‌కీ దాచే 4:4:4లో. 1000 వెడల్పుకి 140 కేబీ వచ్చింది, కుంభం మొన నిలబడింది. క్రోమ్‌లో ఏవీఐఎఫ్ కంప్యూటర్లలో 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021 నుంచి, సఫారీలో 2022 నుంచి తెరుచుకుంటుంది. పాత ఫోన్ల కోసం అదే ఫొటో జేపెగ్‌లో కూడా పెట్టాను, అదీ 4:4:4లోనే. అది 260 కేబీ. పిక్చర్ ట్యాగ్‌లో ఏవీఐఎఫ్ పైన, జేపెగ్ కింద రాస్తే బ్రౌజర్ తనకి తెలిసినదాన్ని తీసుకుంటుంది.

260 కేబీ ఎక్కువే. అయినా తగ్గించను. కొనేవాళ్ళు వేళ్ళతో పెద్దది చేసి చూసేది ఆ ఒక్క ఫొటోనే. ఆ బైట్లు అక్కడ ఖర్చుపెట్టడానికే మిగతాచోట్ల మిగిల్చాను.

రంగు గురించి ఇంకొకటి. మా చెల్లి ఐఫోన్‌లో తీసిన ఫొటోలు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఉంటాయి. బరువు తగ్గిద్దామని, ఆ పరిధి ఏదో చెప్పే ప్రొఫైల్‌ని ఊరికే తీసేస్తే ఎరుపు వెలిసినట్టు కనిపిస్తుంది. ముందు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ పరిధికి మార్చి, ఆ తర్వాత తీసెయ్యాలి.

ఎక్సిఫ్, అంటే కెమెరా ఫొటో ఫైల్లోనే రాసిపెట్టే సమాచారం మాత్రం తప్పకుండా తీసెయ్యాలి. మగ్గాల దగ్గర తీసిన ఫొటోలు కొన్ని ఉన్నాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే నేతగాళ్ళ ఇల్లు ఎక్కడుందో ఆ ఫొటోలోనే రాసి ఉంటుంది. వాళ్ళు మనల్ని నమ్మి లోపలికి రానిచ్చారు, ఆ మాత్రం జాగ్రత్త మన బాధ్యత. ఫొటో ఏ వైపు తిరిగి ఉందో చెప్పేది కూడా ఎక్సిఫే, కాబట్టి ముందు తిప్పి సరిచేసి, తర్వాత తుడవాలి.

ఫొటో తీసేచోటే సగం పని

దుకాణంలో ట్యూబ్‌లైటు కింద సాయంత్రం తీసిన చీరకీ, మేడ మీద ఉదయం నీడలో తీసిన చీరకీ ఒకే కొలత, ఒకే క్వాలిటీ ఇచ్చి చూశాను. మేడ మీది ఫైలు చిన్నది. వెలుగు తక్కువైతే కెమెరా ఫొటోలో సన్నటి రవ్వలాంటి నాయిస్ వస్తుంది. కుదించే ప్రోగ్రాముకి అది నాయిసో నేతో తెలియదు, అంతా దాచడానికి చూస్తుంది. అందుకే ఇప్పుడు ఉదయం ఎండ ఎక్కకముందే, తెల్ల పంచె పరిచి, దాని మీద చీర వేసి తీస్తున్నాం. వెనక సాదాగా ఉంటే అదీ కలిసొస్తుంది. ఫొటోలు వాట్సాప్‌లో పంపేవాళ్ళకి ఒకటే చెప్పాను: డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే దారిలోనే ఒకసారి నలిగిపోతుంది.

బ్యానర్, మిగతా సర్దుబాట్లు

పైన ఉన్న బ్యానర్ ఫ్లెక్సీ డిజైన్. తెలుగు, ఒడియా అక్షరాలు బొమ్మలోనే కలిసిపోయిన 2.8 ఎంబీ పీఎన్‌జీ. చిన్న ఫోన్‌లో ఒక్క అక్షరమూ చదవలేం. దాన్ని తీసేసి ఖాళీ పట్టు నేపథ్యం ఒకటి పెట్టి, దాని మీద మాటలు మామూలు టెక్స్ట్‌గా రాశాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు, ఒడియా ఫాంట్లు ఉండనే ఉంటాయి, వేరే ఫాంట్ దింపక్కర్లేదు. గూగుల్‌కీ ఆ మాటలు ఇప్పుడు కనిపిస్తాయి.

మొదటి పెద్ద బొమ్మకి లేజీ లోడింగ్ (దగ్గరికి జరిపాకే బొమ్మ దింపడం) పెట్టకూడదు, అది ముందు దిగేలా దానికి ఫెచ్ ప్రయారిటీ హై ఇవ్వాలి. కిందున్నవాటికి లేజీ. ప్రతి బొమ్మకీ వెడల్పు, ఎత్తు రాయాలి. అవి లేకపోతే చీర మీద వేలు పెట్టేలోపు పేజీ కిందికి జారి ఇంకో చీర తెరుచుకుంటుంది. బొమ్మల కాషింగ్, అంటే ఒకసారి దిగిన బొమ్మని ఫోన్ దాచుకునే గడువు, ఏడాదికి పెట్టాను, ఫొటో మారితే ఫైలు పేరు మారుస్తున్నాను.

ఇప్పటికి

హోం పేజీ చివరిదాకా జరిపి చూసినా 700 కేబీ లోపే. మొబైల్ పరీక్షలో ఎల్‌సీపీ 2.3 సెకన్లు. ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో, డేటా మీద, వైఫై ఆపి కూడా చూశాను. పేజీ అడ్డం పడకుండా జరుగుతోంది.

మిగిలినవి రెండు. జోడా, అంటే పెళ్ళికొడుకు పంచెతో కలిపి ఉండే జత ఫొటోలు ఇంకా పాత కొలతల్లోనే ఉన్నాయి. తెలుపు మీద సన్న జరీ గీత 500 కాపీ చేసి చూస్తే అలలు అలలుగా కనిపిస్తోంది. ఆ ఒక్కదానికి 700 వెడల్పు కాపీ వేరుగా చేసి చూడాలి. రెండోది ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మ కనిపించనప్పుడు దాని బదులు వచ్చే వివరణ. ఇప్పటికి తెలుగులో రాశాను. ఒడియా పేజీకి ఒడియాలో రాసిపెడతానని దుకాణంలో లెక్కలు చూసే అమ్మాయి ఒప్పుకుంది, వచ్చే ఆదివారం కూర్చుంటాం.