'నెమ్మదిగా పెరుగుతోంది' అంటే బినైన్ (క్యాన్సర్ కాని గడ్డ) అని పెట్టేశాను

నీట్ ఎండీఎస్ (డెంటల్ పీజీ ఎంట్రన్స్) రిజల్ట్ వచ్చి మూడు రోజులైంది. రెండో అటెంప్ట్‌లో సీటొచ్చే ర్యాంకు వచ్చింది. అమ్మ ఇంకా చుట్టాలకు ఫోన్లు చేస్తూనే ఉంది. జూనియర్లంతా టైమ్ టేబుల్ అడుగుతున్నారు. దానికన్నా పోయినసారి నన్ను ముంచిన టాపిక్ చెబితేనే మీకు పనికొస్తుంది: శాలివరీ గ్లాండ్ ట్యూమర్స్, అంటే లాలాజల గ్రంథుల్లో వచ్చే గడ్డలు.

పోయినేడు పరీక్షకు నెల ముందు గ్రాండ్ టెస్ట్‌లో (మాక్ పరీక్షలో) ఒక కేసు ఇచ్చారు. 45 ఏళ్ల ఆవిడ, అంగిట్లో గడ్డ, మూడేళ్లుగా నెమ్మదిగా పెరుగుతోంది, ఈమధ్య ఆ పక్కంతా తిమ్మిరి, నొప్పి. 'నెమ్మదిగా' దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. ప్లియోమార్ఫిక్ అడినోమా అనే బినైన్ గడ్డ పెట్టాను. జవాబు అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే క్యాన్సర్. మైక్రోస్కోప్ కింద చిల్లులు చిల్లులుగా కనిపించే దాని స్విస్ చీజ్ బొమ్మ చూపిస్తే నిద్రలో లేపినా చెప్పేదాన్ని, కేసుగా ఇస్తే పట్టుకోలేకపోయాను. అది పెరిగేది నెమ్మదిగానే, కానీ నరం వెంట పాకుతుంది. ఆ తిమ్మిరి అందుకే. అసలు పరీక్షలోనూ కేసులన్నీ ఇలాగే పోగొట్టుకున్నాను.

తర్వాత హౌస్ సర్జన్సీలో చూసిన ఒక పేషెంట్ గుర్తొచ్చింది. చెవి కింద గడ్డ, చెవి తమ్మె పైకి లేచిపోయి ఉంది. మేడమ్ గడ్డ మీద చెయ్యి వెయ్యకముందే "కళ్లు గట్టిగా మూయమ్మా, ఇప్పుడు బుగ్గలు పూరించు" అన్నారు. రెండు వైపులా సమానంగా ఉంది, అంటే ఫేషియల్ నర్వ్ (ముఖాన్ని కదిలించే నరం) బాగుంది. ఆ తర్వాతే గడ్డ కదులుతోందా, చర్మానికి అంటుకుందా, మెడలో నోడ్స్ (బిళ్లలు) ఉన్నాయా చూసి ఎఫ్ఎన్ఏసీకి (సన్న సూదితో కణాలు తీసి చూసే పరీక్షకు) రాశారు. ప్లియోమార్ఫిక్ అనే వచ్చింది. కేసు చదివేటప్పుడు నేనూ ఇదే వరసలో వెళ్లడం మొదలుపెట్టాను.

గడ్డ ఎక్కడుందో కూడా చూడండి. చెవి దగ్గరుండే పెద్ద గ్రంథి పెరోటిడ్‌లో గడ్డలు దాదాపు 80 శాతం బినైనే. దవడ కింది సబ్‌మాండిబ్యులార్‌లో సగం దాకా మాలిగ్నెంట్ (క్యాన్సర్), నాలుక కింది సబ్‌లింగ్వల్‌లో ఎక్కువ భాగం అవే. ఎంత చిన్న గ్రంథిలో వస్తే అనుమానం అంత పెరగాలి. ఏళ్లనాటి గడ్డ ఉన్నట్టుండి పెరిగితే కార్సినోమా ఎక్స్ ప్లియోమార్ఫిక్ అడినోమా (పాత ప్లియోమార్ఫిక్‌లోంచి పుట్టే క్యాన్సర్) గుర్తు రావాలి. వార్తిన్ అనే ఇంకో బినైన్ గడ్డ అంటే పొగతాగే పెద్దవాళ్లు, రెండు వైపులా రావచ్చు, టెక్నీషియం స్కాన్‌లో (రేడియోధార్మిక మందు ఎక్కించి తీసేది) హాట్ స్పాట్. బినైన్ కదా అని ప్లియోమార్ఫిక్‌ను ఒలిచి తీసేస్తే మళ్లీ వస్తుంది, క్యాప్సూల్ (గడ్డ చుట్టూ ఉండే పొర) దాటి వేళ్లలా చొచ్చుకుపోయి ఉంటుంది కాబట్టి.

మిగతా సబ్జెక్టులు అందరిలాగే చదివాను. డెంటల్ మెటీరియల్స్ రెండుసార్లు తిరగేశాను, అంతే.

మొదటిసారి సరిగా చదవలేదని అన్నవాళ్లున్నారు. రోజుకు పది గంటలు కూర్చున్నాను. గంటలు తక్కువై కాదు, తప్పుల దగ్గరికి తిరిగి వెళ్లక పోయింది. ఈసారి ఫోన్ అమ్మ బీరువాలో పెట్టింది. తప్పు పెట్టిన ప్రశ్న నోట్‌బుక్‌లోకి ఎక్కించకుండా ఒక్క రాత్రీ పడుకోలేదు. మీరూ పడుకోవద్దు, జ్వరమొచ్చినా సరే. ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో అంగిటి గడ్డ కేసే ఉంది, 'తిమ్మిరి' కింద రెండు ఎర్ర గీతలతో. కావాలన్నవాళ్లకు ఫోటోలు తీసి పంపుతాను.