ఆర్‌వీ-7 రడ్డర్ వెనక అంచు వంకర వచ్చింది

నేను గరాజ్‌లో కట్టుకుంటున్న ఆర్‌వీ-7 అనే చిన్న విమానం రడ్డర్‌కి (తోక మీద నిలువుగా ఉండి ముక్కుని పక్కలకి తిప్పే పలక) నిన్న రాత్రి పదకొండున్నరకు ఆఖరి రివెట్ పడింది. రడ్డర్‌ని బల్ల మీద నిలబెట్టి, మా ఊళ్లో వడ్రంగులు దూలం చూసినట్టు ఒక కన్ను మూసి వెనక అంచు వెంట చూశాను. ప్రాణం ఉసూరుమంది. అంచు మధ్యలో ఎడమవైపుకి ఉబ్బి ఉంది. కుడివైపు ఆరడుగుల అల్యూమినియం యాంగిల్ ఆనిస్తే సందులో 9/64 అంగుళం డ్రిల్ బిట్ కాడ సరిగ్గా దూరింది, 5/32 దూరలేదు. అంటే 0.14 అంగుళం, మూడున్నర మిల్లీమీటర్లు. మాన్యువల్ ఒప్పుకునేది 0.10 మాత్రమే.

రడ్డర్‌లో మిగతా భాగాలు, అంటే స్టిఫెనర్లు, స్పార్, కౌంటర్‌వెయిట్, ఒక్క రివెట్ కూడా డ్రిల్ చేసి తీయాల్సిన పని లేకుండా అయిపోయాయి, వాటి గురించి చెప్పడానికేం లేదు. బాధంతా ఈ అంచు గురించే. రేపు గాల్లో ఈ వంకరే ట్రిమ్ ట్యాబ్‌లా (రడ్డర్‌ని ఒకవైపుకి నెట్టే చిన్న రేకు) పనిచేసి, విమానం పక్కకి జారుతోందని చూపించే మీటర్‌లోని బాల్‌ని పక్కకి నెడుతుంది, గంటల తరబడి ఒక కాలు పెడల్ మీద నొక్కే ఉంచాలి.

కింది నుంచి 11వ రివెట్ దాకా అంచు తిన్నగానే ఉంది, 30 దాటాక పైకి కూడా తిన్నగానే ఉంది, వంకరంతా ఆ మధ్యలోనే. అక్కడ ఏం తేడా జరిగిందా అని రాత్రంతా ఆలోచించాను, రెండు తేలాయి.

మొదటిది ప్రోసీల్, అంటే హార్డెనర్ కలిపి పూసే జిగురు. గురువారం రాత్రి వెడ్జ్‌కి (వెనక అంచులో రేకుల మధ్య ఉండే సన్నని చీలలాంటి పట్టీ) రెండువైపులా పూసి, స్కిన్లు (రెండువైపుల పై రేకులు) మూసి, యాంగిల్‌కి రంధ్రం విడిచి రంధ్రం క్లీకోలు (తాత్కాలికంగా పట్టి ఉంచే పిన్నులు) పెట్టాను. మొదట కలిపిన ముద్ద చాల్లేదు, మధ్య భాగం కోసం ఇంకో 11 గ్రాములు కలిపాను. బరువులో పదికి ఒకటి కలపాలి, అంటే దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఒక్క గ్రాము. నేను వాడింది వంటింటి కాటా, అది గ్రాము కన్నా తక్కువ చూపించదు. అర గ్రాము పడిందో, ఒకటిన్నర పడిందో చెప్పలేను. దానికి తోడు ఈ వారం ఇక్కడ ఫ్రిస్కోలో చలి, రాత్రిపూట గరాజ్‌లో 50 ఫారెన్‌హీట్ కూడా లేదు. ఈ బి-2 రకం ప్రోసీల్ 77 డిగ్రీల వేడి దగ్గరే పూర్తిగా గట్టిపడటానికి రెండు మూడు రోజులు తీసుకుంటుంది. నేనేమో ఆదివారమే క్లీకోలు పీకేశాను. ఈ పొద్దున అంచు బయటికి వచ్చిన ప్రోసీల్‌ని గోటితో నొక్కి చూస్తే చివర్ల దగ్గర రబ్బరులా తన్నింది, 20వ రివెట్ దగ్గర మాత్రం గోరు దిగి గుర్తు పడింది, వేలికి ఆ కుళ్లిన గుడ్డు వాసన ఇంకా అంటింది.

రెండోది వరస. ముందు ప్రతి పదో రివెట్, తర్వాత వాటి మధ్యలో ఒకటి, ఇలా అంచంతా పరుచుకుంటూ పోవాలి. చివర్లలో అలాగే చేశాను. మధ్యలో మాత్రం చెయ్యి కుదిరింది కదా అని 11 నుంచి 30 దాకా మిగిలినవన్నీ వరసపెట్టి కొట్టేశాను. షాప్ హెడ్‌లన్నీ (రివెట్ కొడితే చదునయ్యే తలలు) ఎడమవైపే. కొట్టినవైపు రేకు కొంచెం సాగుతుంది, సాగినవైపుకే అంచు ఉబ్బుతుంది, ఇక్కడ ఉబ్బింది ఎడమవైపుకే. ప్రోసీల్ గట్టిగా పట్టుకుని ఉంటే ఇంత సాగనిచ్చేది కాదేమో. రెండూ ఒకేచోట జరగడంతో ఏది ఎంత కారణమో విడదీయలేకపోతున్నాను.

డింపుల్స్ (రివెట్ తల దిగడానికి రేకులో నొక్కిన గుంటలు) మీద అనుమానం లేదు. డీఆర్‌డీటీ-2 అనే చేతి ప్రెస్‌తో నొక్కినవి ఎప్పుడూ శుభ్రంగా వస్తాయి, సుత్తి పెట్టి కొట్టే సీ-ఫ్రేమ్‌కి నేను మళ్లీ వెళ్లను. వెడ్జ్ కౌంటర్‌సింక్‌లో (రంధ్రం చుట్టూ కోసిన గుంట) డింపుల్ చేసిన ముక్క పెడితే కదలకుండా కూర్చుంటోంది.

రెండు రివెట్లు డ్రిల్ చేసి చూశాను. 0.016 రేకు కదా, ఒక రంధ్రం కోలగా అయిపోయింది. ఇంక దాన్ని బాగుచేయాలని చూడను, కొత్త స్కిన్లు, వెడ్జ్ ఆర్డర్ పెట్టేశాను.

అవి వచ్చేలోపు 24 అంగుళాల పొడవుతో రెండు నమూనా అంచులు చేస్తాను. ఒకటి ప్రోసీల్‌తో, ఒకటి రెండువైపులా అంటుకునే 3ఎం వీహెచ్‌బీ టేప్‌తో, రెండింటికీ వరస మాత్రం మాన్యువల్ ప్రకారమే. టేప్‌కి ఆరే గొడవ లేదు, చెయ్యి శుభ్రంగా ఉంటుంది. నా మనసు ఇప్పటికే అటు మొగ్గింది, కానీ ఒకసారి అంటుకున్నాక జరపడానికి వీలుండదు కాబట్టి స్కిన్ సర్దడానికి మా బావమరిదిని రమ్మన్నాను. ప్రోసీల్ ముక్కని రూమ్ హీటర్ పక్కన ఐదు రోజులు కదపను. బంగారం కొట్లో వాడేలాంటి, 0.01 గ్రాము చూపించే కాటా కూడా కొన్నాను.

ఈలోగా తోకలో ముక్కుని పైకీ కిందికీ తిప్పే పలకలు, ఎలివేటర్లు, మొదలుపెడతాను. ఆర్‌వీ-7లో వాటికి వెడ్జ్ ఉండదు, స్కిన్‌నే మడతపెట్టాలి. రేకు మడిచే చెక్క బ్రేక్‌కి పలకలు కోసి ఉంచాను, మడత లోపల పెట్టడానికి 1/8 అంగుళం గుండ్రటి చెక్క కడ్డీ (డవెల్) శనివారం తేవాలి.