జ్వరం తగ్గిన రోజు

జకార్తాలో వారం పని ముగించుకుని ఆదివారం హో చి మిన్ సిటీలో దిగాను. అక్కడ నాలుగు మీటింగులు, శుక్రవారం రాత్రి బ్యాంకాక్ ఫ్లైట్. మంగళవారం మీటింగ్ మధ్యలో వణుకు మొదలైంది. ఏసీ ఎక్కువైందనుకున్నాను. హోటల్‌కి వచ్చి చూసుకుంటే 103. కళ్ల వెనక ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నంత నొప్పి. బ్యాగులో ఉన్న నొప్పి మాత్ర, ఐబూప్రొఫెన్ ఒకటి వేసుకుని పడుకున్నాను.

మర్నాడు నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది అక్కడి ఆఫీసులో పనిచేసే అమ్మాయి. నన్ను 'చీ' అని పిలుస్తుంది. వియత్నామీస్‌లో అక్క అని అర్థం. మనలాగే వాళ్లూ అక్క, అన్న, చెల్లి అంటూ వరస కలిపే పిలుచుకుంటారు. 'చీ ఓయ్' అని మొదటిసారి పిలిచినప్పుడు మాత్రం, నేనేం తప్పు చేశానా అని బెదిరిపోయాను.

ఎన్ఎస్1 అనే రక్తపరీక్షలో డెంగ్యూ అని తేలింది. దాన్ని వాళ్లు 'సోట్ సువాట్ హుయెట్' అంటారు. ఫోన్‌లో అనువాదం చూస్తే 'రక్తస్రావ జ్వరం' అని వచ్చింది. అప్పటిదాకా లేని టెన్షన్ అప్పుడు పట్టుకుంది. ఐబూప్రొఫెన్ వేసుకున్నానని చెబితే డాక్టర్ మొహం మారింది. డెంగ్యూలో అలాంటి మందులతో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుందట. పారాసెటమాల్ మాత్రమే వేసుకుని, నీళ్లు బాగా తాగి, రోజూ రక్తపరీక్షకి రమ్మన్నారు. దోమ కుట్టాక 4 నుంచి 10 రోజులకి జ్వరం వస్తుందని చెప్పారు. అంటే జకార్తా దోమే అయ్యుండాలి. రాత్రిళ్లు ఒళ్లంతా క్రీము పూసుకున్నాను, కానీ ఈ దోమ కుట్టేది పగలు!

శుక్రవారం పొద్దున లేచేసరికి జ్వరం లేదు. ఎంత సంబరమో! స్నానం చేసి సూట్‌కేసు సర్దేశాను. మేనేజర్ ఫోన్ చేసి, "తగ్గిందిగా, బ్యాంకాక్ స్లయిడ్లు ఒకసారి చూస్తావా?" అన్నాడు. చూస్తానన్నాను కూడా. మధ్యాహ్నం కడుపులో నొప్పి మొదలైంది, రెండుసార్లు వాంతి అయింది. ఎయిర్‌పోర్టులో దింపడానికి వచ్చిన ఆ అమ్మాయి నన్ను చూసి ఒక్క మాట కూడా అడగలేదు. ట్యాక్సీని ఆస్పత్రికి తిప్పించింది.

ప్లేట్‌లెట్లు 38 వేలకి పడిపోయాయి. కనీసం లక్షన్నర ఉండాలి. డాక్టర్‌కి అంతకంటే దిగులు హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, పెరగడం. రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారిపోతోందనడానికి అది గుర్తట. డెంగ్యూలో అసలు గండం జ్వరం దిగాకే, ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లోనే ఉంటుందని అప్పుడు తెలిసింది. ఆ గంటల్లో నేను విమానంలో ఉండాల్సింది.

నాలుగు రోజులు సెలైన్. గంటగంటకీ బీపీ. చిగుళ్లలోంచి కొంచెం రక్తం వచ్చింది. తోటి ఉద్యోగి ఎవరో పుచ్చకాయ రసం తెస్తే నర్సు తీసేసింది. ఎర్రటివి తాగితే వాంతిలో పడేది రక్తమో రసమో తెలియదట. తిండికి బియ్యపు జావ. దాని పేరు 'చావ్'. ఆ స్థితిలో పూటపూటా ఆ మాట వినడం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అమ్మ ఫోన్‌లో "బొప్పాయి ఆకు రసం తాగవే" అంటూనే ఉంది. డాక్టర్‌ని అడిగితే నవ్వి, ఓఆర్ఎస్ గ్లాసు చూపించారు.

ప్లేట్‌లెట్లు లక్ష దాటాక పంపించారు. రెండు నెలల దాకా మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు. డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, ఒకటి వచ్చిపోయినా మిగతా మూడూ రావచ్చు, రెండోసారి వస్తే ఇంకా తీవ్రం కావచ్చు. అందుకని ఇప్పుడు పొద్దున్నే క్రీము పూసుకుంటున్నాను. ఐబూప్రొఫెన్‌ని ప్రయాణం బ్యాగులోంచి తీసేశాను.

డిశ్చార్జ్ రోజు కాగితంలో నా పుట్టినతేదీ చూసి నర్సు ఫక్కున నవ్వింది. నాలుగు రోజులు నన్ను 'చీ' అని పిలిచిందా, తీరా చూస్తే తనే నాకంటే రెండేళ్లు పెద్ద. లిఫ్ట్ తలుపులు మూసుకుంటుంటే "చీ ఓయ్!" అని గట్టిగా కేకేశాను.