బోస్టన్ మంచు, గుర్రపు ట్రాములు

ఈ పెయింటింగ్‌లో మంచు అసలు తెల్లగానే లేదు, గులాబీ, గోధుమ, కాస్త బూడిద. ఓ చిన్నపిల్ల పిచ్చుకలకి మేత వేస్తోంది, ఆ పిచ్చుకలేమో దగ్గరికెళ్ళి చూస్తే ఒట్టి ముదురు మరకలు, రెండడుగులు వెనక్కొస్తే ఇప్పుడే ఎగిరిపోయేలా ఉన్నాయి.

ఇవాళ ఇక్కడి ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో అమెరికన్ చిత్రకారుడు చైల్డ్ హాసమ్ వేసిన 'బోస్టన్ కామన్ ఎట్ ట్వైలైట్' (సంధ్యవేళ బోస్టన్ కామన్ పార్కు) ముందు అలా ఉండిపోయా. 1885-86లో వేశాడు, ప్యారిస్‌కి చదువుకోవడానికి వెళ్ళకముందే. అప్పటికింకా పూర్తి ఇంప్రెషనిస్టు (వివరాల కంటే ఆ క్షణపు వెలుగుని పట్టే శైలి వాడు) కాదంటారు, అననీండి. ఆ శైలికి పేరుపడ్డ ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే వేసిన కలువల కంటే సొంత ఊరి ట్రాఫిక్‌ని ఇంత ఇష్టంగా చూసినవాడే నాకు నచ్చాడు.

ఎడమపక్క ట్రెమాంట్ వీధిలో ట్రాములు బారులు తీరి ఉన్నాయి. ఆ రద్దీ పడలేకే 1897లో ట్రాముల్ని నేల కిందకి దింపారు. నేను ఇంటికొచ్చింది ఆ సొరంగంలోంచే, కాలు పెట్టడానికి చోటుంటే ఒట్టు!