అలెన్‌లో శుక్రవారం రాత్రి

డాలస్‌కు ఉత్తరాన అలెన్ అనే ఊళ్లో మా చెల్లెలి కుటుంబం ఉంటుంది. అక్టోబరులో వాళ్లింటికి వెళితే, శుక్రవారం చీకటి పడేవేళకు అమెరికన్ ఫుట్‌బాల్ చూపిస్తామని నన్ను ఈగిల్ స్టేడియంలో కూర్చోబెట్టారు. 18,000 మంది పట్టే ఆ స్టేడియం ఒక హైస్కూలుది. 2009లో పట్టణవాసులు ఓటు వేసి మరీ బాండ్లతో అప్పు తేవడానికి ఒప్పుకుంటే, సుమారు 6 కోట్ల డాలర్ల ఖర్చుతో కట్టి 2012లో తెరిచారు. రెండేళ్లకే కాంక్రీటు పగుళ్లిచ్చి మూసేయాల్సి వచ్చింది. స్టేడియం మూతబడిన ఆ ఏడాదీ టెక్సస్ చాంపియన్లు ఈ బడి పిల్లలే.

"బడి ఆటస్థలానికి ఇంత డబ్బా?" అన్నాను.

"బడిది అనుకుంటే ఎక్కువే బావగారూ. ఊరిది అనుకుని చూడండి" అన్నాడు మా బావ.

ఊరిదేనని దారిలోనే తెలిసింది. ఇళ్ల ముందు గడ్డిలో ఆటగాళ్ల పేర్లు, జెర్సీ నంబర్లు రాసిన బోర్డులు పాతి ఉన్నాయి. మా విజయవాడలో ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలతో వెలిసే ఫ్లెక్సీలు గుర్తొచ్చాయి. పిల్లల మీద ఊరు పెట్టుకునే ఆశ ఎక్కడైనా బరువే. ఇక్కడ ఆ బరువును పదహారేళ్ల ఒళ్లు మోయాలి.

అది హోమ్‌కమింగ్ వారం, అంటే పాత విద్యార్థులు తిరిగివచ్చే పండుగ. అమ్మాయిలు ఛాతీమీద పళ్లెమంత కృత్రిమ చామంతిని తగిలించుకుని, దాని కింద మోకాళ్లదాకా రిబ్బన్లు, చిరుగంటలు, బొమ్మ ఎలుగుబంట్లు వేలాడదీసుకుని తిరుగుతున్నారు. కొన్నింటికి మినుకుమినుకు లైట్లు కూడా. నడుస్తుంటే గలగల. ఇది టెక్సస్ సంప్రదాయమట. ఇంత అట్టహాసాన్ని సిగ్గుపడకుండా చేసుకునే జనం నాకు నచ్చారు.

ఇక ఆట. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, లేకపోతే బంతి ఎదుటివాళ్లది. నిమిషం కిందట ఒకరిమీద ఒకరు కుప్పగా పడినవాళ్లు ఇప్పుడు పక్కకు తప్పుకుంటారు. పది గజాల గొలుసు పట్టుకుని మనుషులు వస్తారు, సర్వేయరు పొలం కొలిచినట్టు లాగి కొలుస్తారు. బెత్తెడు తక్కువైనా అంతే సంగతులు. ఇంత మొరటు ఆటలో ఇంత కచ్చితమైన లెక్క! దాడి చేసేవాళ్లు వేరు, అడ్డుకునేవాళ్లు వేరు, బంతిని తన్నడానికి మాత్రమే వచ్చే పిల్లవాడు వేరు. గడియారం ప్రకారం 48 నిమిషాలే, కానీ మేం కూర్చున్నది దాదాపు మూడు గంటలు.

విరామంలో బ్యాండు దిగింది. వందలమంది పిల్లలు మైదానమంతా పరుచుకుని, వాయిస్తూనే ఆకారాలు మారుస్తున్నారు. క్లారినెట్‌తో మా మేనకోడలూ వాళ్లలో ఉంది. జట్టులో మన ముఖాల కోసం వెతికి విసిగిపోయిన నాకు బ్యాండులో ఎటు చూసినా మనవాళ్లే కనిపించారు. వలస వచ్చినవాళ్లు స్టేడియంలోకి తమకు దొరికిన తలుపు గుండా వచ్చారు. అసలు ఈ శుక్రవారం రాత్రులు అందరివీ అయిందే ఆలస్యంగా. 1960ల దాకా టెక్సస్‌లో నల్లజాతి పిల్లల బడులకు వేరే లీగు ఉండేది. శుక్రవారం స్టేడియాలు తెల్లవారి బడులవి కాబట్టి, వీళ్ల ఆటలు ఎక్కువగా బుధ, గురువారాల్లో జరిగేవి.

మూడో క్వార్టరులో ఎదుటి జట్టు కుర్రాడొకడు పడి లేవలేదు. రెండు జట్ల పిల్లలూ ఉన్నచోటే ఒక మోకాలిమీద కూర్చున్నారు. అది ఆనవాయితీ. డప్పులు ఆగాయి. వాడు ఇద్దరి భుజాలు పట్టుకుని లేచి నడుస్తుంటే రెండు వైపుల జనమూ చప్పట్లు కొట్టారు. ఆ జాలిలో నాకు నటన కనిపించలేదు. ఆట మళ్లీ మొదలవగానే, చప్పట్లు కొట్టిన పెద్దావిడే నా ముందు వరుసలో లేచి "కొట్టండి వాణ్ణి!" అని గొంతు చించుకుంది. ఆ అరుపులోనూ నటన లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఇమడగలవని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

కారెక్కగానే ఎనిమిదో తరగతి మేనల్లుడు మొదలుపెట్టాడు. హైస్కూల్లో తనూ ఆడతాడట. "కైలర్ మర్రీ ఈ బడిలో ఆడినవాడే కదా మామయ్యా! ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో 2019లో మొదటి ఎంపిక!" అన్నాడు. చెల్లెలు తన లెక్క తీసింది. బోస్టన్ యూనివర్సిటీవాళ్లు 2017లో, ప్రొఫెషనల్ లీగులో ఆడి చనిపోయినవారి మెదళ్లు 111 పరిశీలిస్తే 110లో సీటీఈ అనే జబ్బు కనబడిందట. తలకు పదేపదే తగిలే దెబ్బలతో వచ్చేది. అవి చాలావరకు కుటుంబాలు అనుమానపడి ఇచ్చిన మెదళ్లు, ఆడినవారందరికీ ఆ లెక్క వర్తించదు అని బావ సర్దిచెప్పబోయాడు.

"అయితే వాణ్ణి ఆడనిచ్చే కాగితం మీద నువ్వు పెట్టు సంతకం" అంది చెల్లెలు.

బావ మాట్లాడలేదు. పార్కింగులో కార్లు కదలడం లేదు.

"బ్యాండులో చేరరా, ట్రంపెట్ నేర్చుకో. స్టేడియంలోనే ఉంటావు కదా" అని కొడుకును బుజ్జగించింది.

"అక్క ఉందిగా బ్యాండులో" అన్నాడు వాడు. సంతకం వచ్చే వేసవిదాకా అక్కర్లేదు, పోరు మాత్రం అప్పుడే మొదలైంది.