పిక్‌గార్డ్ మార్చడంలో అంటించడం తేలికే, పీకడమే అసలు పని

పిక్‌గార్డ్ అంటే తీగలు మీటే పిక్ గీతలు పడకుండా గిటార్ ముందు చెక్క మీద అంటించే పల్చటి ప్లాస్టిక్ రేకు. నా అకౌస్టిక్ గిటార్‌కి దాని మూల సౌండ్‌హోల్ (మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం) పక్కన లేవడం మొదలై చాలా కాలమైంది. మొదట్లో గోరు దూరేంత సందు, తర్వాత స్ట్రమ్ చేస్తుంటే చొక్కా చెయ్యి తగులుకునేంత. వేలితో అదిమితే దిగేది, వదలగానే మళ్లీ లేచేది. దాని కింద నాలుగు చుక్కల సూపర్ గ్లూ వేసి నొక్కెయ్ అని ఎవరిని అడిగినా అదే సలహా. నేను ఒప్పుకోలేదు.

ఎందుకంటే అంచు లేచేది గమ్ ఎండిపోయి మాత్రమే కాదు, ప్లాస్టిక్కే ముడుచుకుపోతుంది. పాత పిక్‌గార్డులు చాలావరకు సెల్యులాయిడ్‌వి, ఏళ్లు గడిచేకొద్దీ అవి కుంచించుకుపోతాయి, దాన్ని గట్టి జిగురుతో కదలకుండా పట్టేస్తే తనతో పాటు చెక్కనీ లాగుతుంది. గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ వాళ్లు 1980ల దాకా పిక్‌గార్డ్‌ని పాలిష్ లేని ఒట్టి చెక్క మీదే అంటించి, పైనుంచి లక్కర్ అనే పాలిష్ కొట్టేవారు. ఆ కాలపు గిటార్లలో చాలావాటికి పిక్‌గార్డ్ అంచు వెంబడి, సౌండ్‌హోల్ నుంచి బ్రిడ్జ్ (స్ట్రింగ్స్ కింది కొసలు బిగించే చెక్క ముక్క) వైపు సన్నటి పగులు కనిపించడానికి కారణం ఇదే.

అందుకని చెయ్యి పెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, పిక్‌గార్డ్ కింద పాలిష్ ఉందా లేదా అని. లేచిన మూల కిందికి టార్చ్ కొట్టి చూశాను. చుట్టూ ఉన్న మెరుపే లోపల కూడా ఉంది, అంటే పాలిష్ అయ్యాక అంటించిన స్టిక్కర్ రకం. ఒట్టి చెక్క కనిపించి ఉంటే నేనైతే అక్కడితో ఆపి రిపేరు తెలిసినవాళ్లకి ఇచ్చేసేవాణ్ణి. దాన్ని పీకితే చెక్క పీచు కూడా లేచి వస్తుంది, కొత్తది అంటించే ముందు ఆ చోట లక్కరో షెల్లాకో పట్టించాలి, అదంతా వేరే విద్య.

స్ట్రింగ్స్ అన్నీ విప్పేసి, బ్రిడ్జ్ మీద మడత పెట్టిన మందపాటి గుడ్డ వేశాను. బ్రిడ్జ్‌ని పట్టి ఉంచే జిగురు కూడా వేడికి మెత్తబడేదే, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి, ఒకచోట నిలపకుండా తిప్పుతూ ఉన్నాను. చెయ్యి పెడితే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. హీట్ గన్ జోలికి అసలు వెళ్లొద్దు, పాలిష్ బుడగలు కట్టడం సంగతి అటుంచి సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది కూడా.

మూల కాస్త మెత్తబడగానే కిందికి డెంటల్ ఫ్లాస్ దూర్చి, రెండు చేతులతో అటూ ఇటూ రంపం లాగినట్టు లాగుతూ వచ్చాను. ప్లాస్టిక్ కార్డుతో కూడా చెయ్యొచ్చు గానీ కార్డు అంచు పాలిష్ మీద గీత పెడుతుందేమోనని నాకు భయం. ఫ్లాస్ కదిలినంతమేరా గమ్ దారాలు దారాలుగా సాగి తెగుతూ కనిపిస్తుంది, అలా సాగుతున్నంతసేపు ఇబ్బంది లేదు. బిగుసుకుందంటే బలం పెట్టకూడదు, మళ్లీ వేడి చెయ్యాలి. ఊడిన భాగాన్ని నిటారుగా పైకి లాగకుండా టాప్‌కి, అంటే గిటార్ ముందు చెక్కకి, దాదాపు ఆనించినట్టే వెనక్కి మడుస్తూ, చెక్క చారలు ఎటు పోతే అటే లాగాను. టైమంతా తినేది ఈ ఒక్క పనే.

మిగిలిన గమ్‌కి నాఫ్తా, అంటే లైటర్ ఫ్లూయిడ్ వాడాను. మెత్తని గుడ్డ మీద పోసుకుని తుడిస్తే ఉండలు కట్టి వచ్చేస్తుంది. కిటికీలు తీసి పెట్టుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు. అసిటోన్, థిన్నర్ మాత్రం వద్దు, లక్కర్ పాలిష్ అయితే గమ్‌తో పాటు అది కూడా కరిగిపోతుంది.

తుడిచాక బయటపడింది అసలు విషయం. పిక్‌గార్డ్ ఉన్నచోట టాప్ తెల్లగా ఉంది, చుట్టూ తేనె రంగు. స్ప్రూస్ చెక్క వెలుతురుకి ఏళ్ల తరబడి రంగు ముదురుతుంది మరి. కాబట్టి కొత్తది పాతదాని సైజుకి ఏమాత్రం తగ్గినా పక్కన తెల్లటి చార మిగిలిపోతుంది. పాతది ముడుచుకుపోయింది కనక దాన్ని చూసి గీయలేదు, ట్రేసింగ్ పేపర్ టాప్ మీద పరిచి ఆ తెల్ల మచ్చ అంచునీ, సౌండ్‌హోల్ చుట్టూ అలంకారంగా ఉన్న రోజెట్ వంపునీ గీసుకుని, బయటివైపు ఒక వెంట్రుకవాసి ఎక్కువే ఉంచి కొత్త పిక్‌గార్డ్ షీటుని కత్తిరించాను. అంచుని 400 నంబరు ఇసుక కాగితంతో ఏటవాలుగా రుద్ది, 1000, 2000తో నునుపు చేశాను. ఈ వాలు లేకపోతే పిక్ ప్రతిసారీ అంచుకి కొట్టుకుంటుంది.

గమ్‌గా వాడింది 3ఎం కంపెనీ 467ఎంపీ అనే జిగురు షీటు. మందం 0.05 మిల్లీమీటర్లే కాబట్టి కింద దిండులా ఉండదు. అంటించేటప్పుడు టాప్ మీద, గమ్ మీద కూడా రెండు చుక్కల సబ్బు కలిపిన నీళ్లు పల్చగా చల్లాను. ఒట్టి చెక్క అయితే ఈ పని చెయ్యకూడదు. తడి ఉన్నంతసేపు పిక్‌గార్డ్ జారుతుంది, రోజెట్ వంపుకి సరిగ్గా కూర్చునేదాకా జరుపుకోవచ్చు. ఆ తర్వాత మధ్యలోంచి అంచుల వైపు గుడ్డతో ఒత్తుతూ నీళ్లు బయటికి తోసేసి, పైన మెత్తటి గుడ్డ, దాని మీద ఓ పుస్తకం పెట్టి మర్నాటిదాకా ముట్టుకోలేదు.

సౌండ్ మారిందా అని అడుగుతారు. పల్చటి షీటే కాబట్టి నా చెవికైతే తేడా తెలియలేదు. గిటార్ కాస్త గణగణలాడుతున్న మాట నిజమే గానీ, ఆ రోజే కొత్త స్ట్రింగ్స్ కూడా వేశాను, ఆ పుణ్యం వాటిదే.