అమ్మ బద్ధకం కాదు, తుంటిల స్క్రూ కదిలింది

మా అమ్మకు 72 ఏండ్లు. నర్సంపేట దగ్గర మా ఊళ్లె, శ్రావణమాసంల పొద్దుగాల సానుపు చల్లుకుంట వాకిట్ల జారి పడ్డది. ఎడమకాలు పొట్టిగైంది, పాదం బయటికి మళ్లింది. 108ల హన్మకొండకు తీస్కపోయినం. తుంటి ఎముక విరిగింది, ఎముక బోలులకెళ్లి రాడ్డు దింపి, పైన ఎముక తల (తుంటి కీలుల తిరిగే గుండు) దిక్కు రెండు స్క్రూలు బిగిస్తమన్నరు. పీఎఫ్ఎన్ అంటరు దాన్ని. రేషన్ కార్డు, ఆధార్ ఇస్తే ఆరోగ్యశ్రీ అనుమతి ఒక్క పూటల వచ్చింది. రెండో రోజే ఆపరేషన్ అయింది. ఆడిదాక ఎవ్వర్నీ తప్పు పట్ట.

అసలు గోస ఆరో వారంల షురూ అయింది. వాకర్ పట్టుకొని కాలు మోపితే గజ్జల్ల పోటు. అంతకుముందు వాకిలి దాక పోయొచ్చిన మనిషి రెండు అడుగులకే మంచం పట్టుకునేది. చూపిద్దామని అదే దవాఖానకు తీస్కపోతే డాక్టర్ వరండాల నిలబడే మాట్లాడిండు. ఎక్స్‌రే తీయమనలే. "ఏం ముసలమ్మా, తిని పంటున్నవా? కసరత్తు చేస్తలేవు, అందుకే నొప్పి" అన్నడు. చుట్టూ 20 మంది చూస్తున్నరు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నేను నోరు మెదపలే, అది ఇప్పటికీ కడుపుల మండుతున్నది. అంతకంటె అన్యాలం ఏందంటే, ఇంటికొచ్చినంక నేను గూడ "లే, నడువు" అని గదమాయించిన. పండ్లు బిగవట్టి నడిచింది, పది రోజులు.

ఓనాడు స్నానం చేపిస్తుంటే తొడ పక్కన, పాత కుట్ల కింద, చింతగింజంత గట్టి బుడిపె నా వేలికి తాకింది. ఒత్తితే అమ్మ కేక పెట్టింది. తెల్లారి ఇంకో దవాఖానకు పోయినం. అక్కడి పెద్ద డాక్టర్ పాత ఫిల్ము, కొత్త ఫిల్ము పక్కపక్కన పెట్టి చూపెట్టిండు. ఒక స్క్రూ వెనుకకు జరిగి చర్మం కిందికొచ్చింది. ఇంకోటి ముందుకు పోయి ఎముక తలను చీల్చుకొని కీలుల దిగింది. ఒకటి అటు, ఒకటి ఇటు పోతే జెడ్ ఎఫెక్ట్ అంటరట. ఎముక గుల్లబారినా, విరిగిన ముక్కలు సరిగ కుదరకున్నా గిట్లయితదట. స్క్రూ కొస తల నడుమ లోతుగ ఉండాలె. ఎదురుంగ తీసిన ఫిల్ముల, పక్కనుంచి తీసిన ఫిల్ముల ఆ కొసకు, తల చివరకు ఉన్న ఎడం కొలిచి కూడితే 25 మిల్లీమీటర్ల లోపు రావాలెనట. అమ్మది మొదటి దినమే దాటి ఉన్నది.

అమ్మ అంత విని, "గట్లయితే నేను బద్ధకం చేయలేదన్నట్టే గద సారూ?" అనడిగింది.

"గింత నొప్పితోటి ఎట్ల నడిచినవ్ తల్లీ" అన్నడాయన.

చీము పట్టిందేమోనని ముందుగాల రక్తపరీక్షలు చేసి, రాడ్డు తీసి, తుంటి కీలు మార్చిన్రు. నిన్ననే ఇంటికొచ్చినం.

రాడ్డు వేయించుకున్నోళ్ల ఇంటోళ్లకు చెప్తున్న: నొప్పి తగ్గుడు పోయి పెరుగుతుంటే, కాలు మళ్ల పొట్టిగైతే, ఎక్స్‌రే తీసేదాక ఆన్నుంచి లేవకున్రి. పిక్క వాస్తే అదే దినం పోన్రి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఫిల్ములు మీ చేతికి తీసుకోన్రి. "కంప్యూటర్ల ఉన్నది" అంటరు, వినకున్రి. మొదటి ఫిల్ము నేను కొట్లాడి తెచ్చిన గనుకనే ఈ డాక్టర్ పోల్చి చూడగలిగిండు. ఇప్పుడైతే ఎవరి ఫిల్ము ఇచ్చినా స్క్రూ కొస ఎక్కడున్నదో వేలు పెట్టి చూపిస్త.

ఎముకల బలం చూసే డెక్సా పరీక్ష సంగతి మొదటి దవాఖానల ఒక్కరు చెప్పలే. అది సోమవారం ఉన్నది, కుట్లు తీసుడు గూడ అప్పుడే.

ఇయ్యాల పొద్దుగాల అమ్మ వాకర్ పట్టుకొని వంటింటి గడప దాక పోయొచ్చింది. నేను లెమ్మనలే.